పెట్టెకు రెండో ఆంప్లిఫయర్ – పాటకు మెరుగా, జేబుకు చిల్లా?

ధాన్యం అమ్మిన డబ్బు ఇంటికి వచ్చి వారం కాలేదు. అందులో 16 వేల రూపాయలు పక్కకు తీసి, తువ్వాలులో మూటగట్టి, పాటల సెట్టుకు రెండో ఆంప్లిఫయర్ కొనుక్కురావడానికి ఉదయం బస్సుకు బయలుదేరారు మా ఊరి రిటైర్డు మాష్టారు. "వానలు ముంచుకొస్తున్నాయి. వంటింటి మీద పెంకులు మార్చాలండీ. ఆ డబ్బు ఇటివ్వండి" అంటూ మాష్టారి భార్య గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "పెంకులు వచ్చే నెలలో చూద్దాం. అన్నయ్య సంవత్సరీకం దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాలి" అని మాష్టారు. ఈ వాదన వీధి అరుగు దాకా వచ్చింది. అరుగు మీద పేపరు చదువుకుంటున్న ఈ విలేఖరికి ఆ విధంగా ఈ వార్త దొరికింది.

ఒక్క స్పీకరు పెట్టెకు ఒక ఆంప్లిఫయర్ బదులు రెండు తగిలిస్తే పాట నిజంగా బాగుపడుతుందా? ఈ ప్రశ్న మాష్టారిది మాత్రమే కాదు. పట్నంలో ఉద్యోగాలు చేసే పిల్లలు పెద్ద పెద్ద పెట్టెలు ఊళ్లకు తెచ్చి పడేస్తున్నారు. వాటి వెనుక రెండు తీగల చోట నాలుగు తీగల బిగింపులు చూసి, "ఇంకో ఆంప్లిఫయర్ పెట్టాలి కాబోలు" అని డబ్బు పోసేవారు మన పల్లెల్లోనూ కద్దు. అందుచేత ఈ సంగతి పాఠకులకు వివరంగా తెలియజేయడం మంచిదని తోచింది.

అన్నగారి పద్యాల కోసం

మాష్టారు ఈ విలేఖరికి అయిదో తరగతి చెప్పిన గురువు. బడి వదిలాక ఆయనకు హార్మోనియమే లోకం. ఆయన అన్నగారు ఈ చుట్టుపక్కల పౌరాణిక నాటకాల్లో కృష్ణ వేషం కట్టేవారు. 1986 శివరాత్రి నాడు మా ఊరి గుడి ముందు వేసిన నాటకాన్ని ఎవరో చిన్న టేపురికార్డరులో పట్టారు. అప్పటికి ఈ విలేఖరి పుట్టనేలేదు. అన్నగారు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. హార్మోనియం మీద ఉన్నది మాష్టారే.

హైదరాబాదులో ఉన్న కొడుకు నిరుడు ఒక పాత స్టీరియో ఆంప్లిఫయరు, రెండు నిలువెత్తు పెట్టెలు తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్ డెక్కు దానికి తగిలించారు. సినిమా పాటలు బాగానే పలికాయి. అన్నగారి పద్యం మాత్రం దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. రాగం తెలుస్తోంది గాని మాట తెలియడం లేదు. "పెట్టెకు రెండు ఆంప్లిఫయర్లు పెడితే గొంతు అద్దంలా కనబడుతుంది" అని పట్నంలో ఎవరో కొడుక్కి చెప్పారు. కొడుకు తండ్రికి చెప్పాడు. ఈ సంవత్సరీకానికి వీధి వీధంతా కూర్చుని అన్నగారి పద్యాలు వినాలన్నది మాష్టారి కోరిక. పదహారు వేల వెనుక ఉన్న కథ ఇదీ.

బస్సు ఎలాగూ తప్పిపోయింది. "కొనేముందు ఒకసారి మెకానిక్కును అడుగుదాం మాష్టారూ" అని ఈ విలేఖరి సలహా ఇచ్చాడు. మండల కేంద్రంలో రేడియోల కాలం నుంచి దుకాణం నడుపుతున్న ఆ మెకానిక్కుకు ఈ ప్రాంతంలో పెళ్లి మైకు సెట్లన్నీ ముఖ పరిచయమే. ఇప్పుడు రేడియో బాగు చేయించుకునేవాళ్లు లేరు. ఆంప్లిఫయరు అమ్మితే నాలుగు డబ్బులు ఆయనకూ మిగులుతాయి. అయినా ఆయన, "అమ్మకం సంగతి తరువాత బాబాయ్ గారూ. నా దగ్గర మీ ఆంప్లిఫయరు జత లాంటిదే ఇంకొకటి ఉంది. సాయంత్రం పట్టుకొస్తాను. ముందు మీ చెవితో విని చూడండి" అన్నాడు.

పెట్టెలో ఏముంది?

ఆ సాయంత్రం మెకానిక్కు పెట్టె వెనుక పలక విప్పి అందరికీ చూపించాడు. ఒక్కో పెట్టెలో రెండు స్పీకర్లున్నాయి. కింద పళ్లెమంత వెడల్పు ఉన్నది వూఫరు. మృదంగం, డోలు, హార్మోనియం మంద్రస్వరాలు దీని వంతు. పైన రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దగా ఉన్నది ట్వీటరు. తాళాలు, గజ్జెలు, మాటలో వచ్చే "స", "చ" వంటి సన్నని ధ్వనులు దీని వంతు. మనిషి చెవి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20 వేల కంపనాల దాకా వింటుంది. వయసు పైబడిన కొద్దీ పై స్వరాలు తగ్గుతూ వస్తాయి. ఇంత పెద్ద మేరను ఒక్క స్పీకరు చక్కగా పలికించలేదు కాబట్టి పని రెండింటికి పంచుతారు. ఈనాటికీ వాడుతున్న ఈ రకం స్పీకరును అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ 1925లో లోకానికి చూపించారు.

పని పంచే మేస్త్రీ పేరు క్రాసోవరు. ఇది ఒక చిన్న పలక. దాని మీద రాగి తీగ చుట్టిన కాయిలు, కండెన్సరు ఉంటాయి. కాయిలు మంద్రస్వరాలను పోనిచ్చి సన్నస్వరాలను ఆపుతుంది. కండెన్సరు గుణం దీనికి తలకిందులు. ఆంప్లిఫయరు నుంచి వచ్చిన పాట మొత్తం ఈ పలక దగ్గరకు వస్తుంది. బరువు స్వరాలు వూఫరుకు, సన్న స్వరాలు ట్వీటరుకు ఇక్కడ విడిపోతాయి.

నాలుగు బిగింపులున్న పెట్టెలో ఈ పలకను రెండు ముక్కలుగా చేసి ఉంచుతారు. కింది జత బిగింపులు వూఫరు ముక్కకు, పై జత ట్వీటరు ముక్కకు. రెండు జతలనూ కలుపుతూ బయట ఇత్తడి పట్టీలు ఉంటాయి. పట్టీలు ఉన్నంతకాలం అది మామూలు పెట్టె. పట్టీలు తీసి ఒక ఆంప్లిఫయరును కింది జతకు, ఇంకొకదాన్ని పై జతకు బిగిస్తే దాన్ని బై-ఆంపింగ్ అంటారు. మాష్టారి కొడుక్కి పట్నంలో చెప్పింది ఇదే.

గుమ్మం ఎత్తు పెరగదు

"రెండెడ్ల బండికి నాలుగెడ్లు కడితే మేలే కదా?" అని మాష్టారు అడిగారు. మెకానిక్కు జవాబు వినదగ్గది.

ఆంప్లిఫయరును ఇంటి గుమ్మం అనుకోండి. మంద్రస్వరం పెద్ద గడ్డిమోపు. సన్నస్వరం ఆ మోపు మీద పెట్టిన గంప. పాట అంటే మోపు మీద గంప పెట్టుకుని నడిచే మనిషి. సౌండు పెంచినకొద్దీ మోపూ గంపా రెండూ ఎత్తు పెరుగుతాయి. ఒక దశలో గంప గడపకమ్మికి తగులుతుంది. అప్పుడే పాట పగిలినట్టు, గరగరమన్నట్టు వినపడుతుంది. ఆ కమ్మి ఎత్తే ఆంప్లిఫయరు ఇవ్వగల వోల్టు.

ఇప్పుడు పక్కన ఇంకో గుమ్మం పెట్టామనుకోండి. ఈ పద్ధతిలో మోపును ఒక గుమ్మానికి, గంపను ఇంకో గుమ్మానికి విడదీసి పంపడం లేదు. పలక ఉన్నది గుమ్మాల అవతల, పెట్టె లోపల. అందుచేత రెండు గుమ్మాల్లోనూ మోపు మీద గంప పెట్టుకున్న మనిషే నడవాలి. దాటాక ఒక చోట మోపు దించుకుంటారు, ఇంకో చోట గంప దించుకుంటారు. కమ్మి ఎత్తు పెరగలేదు, తగిలేది తగులుతూనే ఉంటుంది. పాత ఆంప్లిఫయరు పగిలిన సౌండు దగ్గరే కొత్తదీ పగులుతుంది.

మేలు బొత్తిగా లేదా అంటే, కొంచెం ఉంది. వూఫరు, ట్వీటరు రెండూ లాగే కరెంటును ఒక్క ఆంప్లిఫయరు మోయనక్కర్లేదు, రెండూ పంచుకుంటాయి. కాని అందులో ఎక్కువ భాగం వూఫరుదే కనుక మొదటి ఆంప్లిఫయరుకు తగ్గే బరువు స్వల్పం. పెట్టె మరీ బరువైనదై, ఆంప్లిఫయరు మరీ బక్కదై ఉంటే తేడా తెలియవచ్చు. అటువంటి చోట కూడా రెండు బక్కవాటి కంటే ఒక గట్టిది నయం. హోం థియేటరు రిసీవర్లు కొన్నింటిలో బై-ఆంప్ ఏర్పాటు లోపలే ఉంటుంది. అక్కడ ఖాళీగా ఉన్న వెనుక చానెళ్లను ట్వీటర్లకు వాడతారు. అన్నింటికీ లోపల ఒకే ట్రాన్స్‌ఫార్మరు కాబట్టి లాభం ఇంకా తక్కువ.

వాట్లు రెట్టింపైతే సౌండు రెట్టింపవుతుందన్నది కూడా భ్రమ. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సు. చెవికి అది ఒక మోస్తరు తేడా. సౌండు రెట్టింపైనట్టు చెవికి తోచాలంటే వాట్లు ఇంచుమించు పది రెట్లు కావాలి.

దుప్పటి చాటున పరీక్ష

మాటలతో మాష్టారు ఒప్పుకోలేదు. "వింటేనే తెలుస్తుంది" అన్నారు. మెకానిక్కు కోరుకున్నదీ అదే. రెండో ఆంప్లిఫయరు పైన పెట్టి తీగలు కలిపాడు. ట్వీటర్లను మొదటి ఆంప్లిఫయరు నుంచి రెండోదానికి మార్చే ఒక మీటను చెక్కపెట్టెలో బిగించి తెచ్చాడు. మొదట ఒక ఆంప్లిఫయరుతో పాట వేశాడు. తరువాత రెండోదాని ఎర్రదీపం వెలిగించి మళ్లీ అదే పాట వేశాడు. మాష్టారి ముఖం వెలిగింది. "చూశారా! తెర తీసినట్టు లేదూ?" అని అందరి వైపూ తిరిగారు. పక్కింటి వాళ్లిద్దరు తలలూపారు. ఈ విలేఖరికి కూడా తేడా తెలిసినట్టే ఉంది.

"ఆయన దీపం వెలిగించాడు గాని మీట తిప్పలేదు కదండీ" అన్నారు మాష్టారి భార్య వంటింటి గుమ్మంలోంచి.

నిజమే. ట్వీటర్లు ఇంకా మొదటి ఆంప్లిఫయరు మీదే ఉన్నాయి. మాష్టారు కాసేపు మాట్లాడలేదు. మెకానిక్కు నొచ్చుకుని, "తప్పు మీది కాదు బాబాయ్ గారూ. ఇరవై ఏళ్లు ఈ పని చేసిన నాక్కూడా దీపం చూస్తే అలాగే వినపడుతుంది. అందుకే కళ్లకు పని చెప్పకూడదంటాను" అన్నాడు. చివరకు మాష్టారే నవ్వేసి, "అయితే కళ్లు మూయించు" అన్నారు.

దూలానికి దుప్పటి కట్టారు. పెట్టెలు ఇవతల, ఆంప్లిఫయర్లు, మెకానిక్కు అవతల. ముందుగా ఆయన సెకనుకు 100 కంపనాల స్వరం ఒకటి ఫోనులోంచి వేసి, రెండు ఆంప్లిఫయర్లూ ఇచ్చే వోల్టు మీటరుతో కొలిచి సరిసమానం చేశాడు. ఇది చాలా ముఖ్యమట. రెండో ఆంప్లిఫయరు పిసరంత ఎక్కువిస్తే ట్వీటరు మెరుస్తుంది, ఆ మెరుపునే జనం మెరుగనుకుంటారు. తాను చేసిన ఒప్పందం ఏమిటంటే, ప్రతిసారీ రూపాయి బిళ్ల ఎగరేయాలి. బొమ్మ పడితే ఒక ఆంప్లిఫయరు, బొరుసు పడితే రెండు. మీట టక్కుమన్న చప్పుడు ఆనవాలు కాకుండా ప్రతిసారీ అటూ ఇటూ తిప్పి ఆపాలి. విన్నవాళ్లు పక్కవాళ్లకు చెప్పకుండా కాగితం మీద ఒకటో రెండో రాయాలి. ఇలా పదిసార్లు.

వినడానికి కూర్చున్నది మాష్టారు, గుడిలో సన్నాయి వాయించే పెద్దాయన, పదో తరగతి చదివే మాష్టారి మనవరాలు, ఈ విలేఖరి. కాగితాలు చూస్తే ఎవరికీ ఆరు దాటలేదు. సన్నాయి పెద్దాయన చెవి ఈ ఊళ్లో శ్రుతికి కొలబద్ద. ఆయనకు వచ్చినవి అయిదే. "నాకు తేడా తెలియలేదు బాబూ. తెలియనిది తెలిసిందని ఎలా అనను?" అన్నారాయన. వినకుండా ఊరికే గీసినా పదింటిలో సగం కుదురుతాయి. తొమ్మిది గాని పది గాని కుదిరితే అది గుడ్డిగా జరగడానికి వందలో ఒక వంతు అవకాశమే కాబట్టి అప్పుడు తేడా ఉందని నమ్మవచ్చు. నలుగురం ఒక రాత్రి విన్నదే శాస్త్రం అనడం లేదు. కాని 16 వేలు పోసేముందు ఎవరైనా తమ ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఇది. ఖర్చు ఒక దుప్పటి, ఒక రూపాయి బిళ్ల, అరువు తెచ్చుకున్న ఒక ఆంప్లిఫయరు.

పెళ్లిపందిట్లో సంగతి వేరు

"మరి పెళ్లిళ్లలో మీరు పెట్టే సౌండుకు నాలుగేసి ఆంప్లిఫయర్లెందుకు?" అని మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న. అక్కడ కింద బేసు పెట్టెలకు వేరు ఆంప్లిఫయరు, పైన టాపు పెట్టెలకు వేరు ఆంప్లిఫయరు పెట్టడం మనం చూస్తూనే ఉంటాం. అది కూడా బై-ఆంపింగే. కాని ఒక్క ముఖ్యమైన మార్పు ఉంది. అక్కడ క్రాసోవరు ఆంప్లిఫయర్లకు ముందే ఉంటుంది. పాటను చిన్న సిగ్నలుగా ఉన్నప్పుడే బరువు స్వరాలు, సన్న స్వరాలు అని విడదీసి, దేని ఆంప్లిఫయరుకు దాన్ని పంపుతారు. అంటే మోపు ఒక గుమ్మం నుంచి, గంప ఇంకో గుమ్మం నుంచి వెళ్తాయి.

లెక్క చూడండి. మోపు ఎత్తు 20 వోల్టులు, గంప ఎత్తు 20 వోల్టులు అనుకుందాం. రెండూ కలిసి వచ్చిన క్షణంలో 40 వోల్టులు కావాలి. 8 ఓముల స్పీకరు మీద 40 వోల్టులంటే ఆ క్షణానికి 200 వాట్లు. విడదీస్తే ఒక్కో ఆంప్లిఫయరు 20 వోల్టులిస్తే చాలు, అంటే 50 వాట్లే. రెండు యాభైలు కలిసి రెండువందల దాని పని చేశాయన్నమాట. పైగా బేసు ఆంప్లిఫయరు కమ్మికి తగిలి గరగరమన్నా ఆ గరగర ట్వీటరు దాకా పోదు. ఆంప్లిఫయరుకూ వూఫరుకూ మధ్య కాయిలు లేదు గనుక వూఫరు అదుపులో ఉంటుంది.

ఇలా ముందే విడదీసే ఎలక్ట్రానిక్ క్రాసోవర్లలో ఎక్కువగా వాడే ఒక పద్ధతిని అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో పనిచేసిన లింక్‌విట్జ్, రైలీ అనే ఇద్దరు ఇంజనీర్లు రూపొందించారు. 1976లో ప్రకటించిన ఆ పద్ధతిని నేటికీ వారి పేరుతోనే పిలుస్తారు. ఫిన్లాండు దేశంలో 1978లో మొదలైన జెనెలెక్ కంపెనీ రేడియో స్టూడియోల కోసం తన తొలి పెట్టెల్లోనే ఆంప్లిఫయర్లను, క్రాసోవరును కలిపి అమర్చింది. ఇప్పుడు కరెంటు తీగ, సిగ్నలు తీగ మాత్రమే తగిలించే ఆక్టివ్ పెట్టెలు చాలా వస్తున్నాయి. వాటిలో మంచివి లోపల వూఫరుకొకటి, ట్వీటరుకొకటి ఆంప్లిఫయరు పెట్టుకునే వస్తాయి. రెండు ఆంప్లిఫయర్ల లాభం కావలసినవారు ఇలా కంపెనీలో కొలిచి కలిపినదాన్ని కొనుక్కోవడం మేలు. మామూలు పెట్టెలోని పలక పీకేసి ఇంట్లో సొంతంగా ప్రయోగం చేయడం తెలిసినవాళ్ల పని. ఎక్కడ విడదీయాలి, దేనికి ఎంత ఇవ్వాలి అన్నవి కొలతలతో తేలాలి.

పల్లెల్లో పాటను పాడుచేసేవి

మరి మన ఇళ్లల్లో పాట ఎందుకు బాగుండదు? ఆ రాత్రి మెకానిక్కు ఇల్లంతా తిరిగి చూపించిన కారణాలు పాఠకులందరికీ ఉపయోగపడతాయి.

మొదటిది వోల్టేజి. మన ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. సాయంత్రం దీపాల వేళ, పైగా మోటార్లు తిరిగే వేళ ఊరి చివర ఇళ్లకు 180 కూడా రాని రోజులున్నాయి. పాతరకం ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఆంప్లిఫయరులో కరెంటు పడితే గుమ్మం కమ్మి కూడా దిగిపోతుంది. 230కి 100 వాట్లిచ్చే ఆంప్లిఫయరు 180కి సుమారు 61 వాట్లే ఇవ్వగలదు. రెండో ఆంప్లిఫయరు కొన్నా అదీ అంతే. దీనికి మందు తగిన స్టెబిలైజరు. కొన్ని కొత్తరకం సెట్లలో సప్లయి తనంతట తానే సర్దుకుంటుంది, వాటికి ఈ బాధ తక్కువ.

రెండోది తీగ. మాష్టారింట్లో పెట్టెలకు లాగింది కాలింగ్ బెల్లుకు వాడే సన్నతీగ. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ పది మీటర్లు లాగితే పోనూ రానూ ఇరవై మీటర్లు. దాని అడ్డంకి ముప్పావు ఓము పైచిలుకే. 4 ఓముల పెట్టె అయితే ఆంప్లిఫయరు ఇచ్చే వాట్లలో ఆరింట ఒక వంతు తీగలోనే వేడిగా పోతుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది బహుస్వల్పం. ఇంటి వైరింగుకు వాడే మామూలు రాగి తీగ చాలు, వేలకు వేలు పోసి ప్రత్యేకం కొననక్కర్లేదు.

మూడోది పెట్టెల చోటు. మాష్టారు పెట్టెలను గది మూలల్లో, ధాన్యం బస్తాల పక్కన నిలబెట్టారు. మూలలో పెడితే గోడలు, నేల కలిసి మంద్రస్వరాన్ని బాగా పెంచేస్తాయి. మాట మునిగిపోతుంది. రెండు పెట్టెలనూ గోడకు మూరెడు రెండు మూరలు ముందుకు జరిపి, ట్వీటరు కూర్చున్న మనిషి చెవి ఎత్తున ఉండేట్టు చూశారు. రేకుల ఇంట్లో, గచ్చు గదిలో ధ్వని గోడలకు కొట్టుకుని కంగుమంటుంది. నేల మీద జంపఖానా, గోడ వారగా బొంతలు, పరుపులు ఉంటే ఆ కంగు తగ్గుతుంది.

నాలుగోది వూఫరు అంచు. అట్ట చుట్టూ ఉండే స్పాంజి అంచు కొన్నేళ్లకు పొడి పొడిగా రాలిపోతుంది. ఎలుక కొరికినా అంతే. అంచు పోయిన వూఫరుకు ఎన్ని ఆంప్లిఫయర్లు పెట్టినా అది దడదడమంటుంది. అంచు మార్చడం కొత్త స్పీకరు కన్నా చవక.

జాగ్రత్తలు

ఇంత చెప్పినా రెండో ఆంప్లిఫయరు పెట్టి చూడాలనుకునేవారు కింది సంగతులు మరవరాదు.

పెట్టె వెనుక ఇత్తడి పట్టీలు తీయకుండా రెండు ఆంప్లిఫయర్లు తగిలించకూడదు. ఒకదాని కరెంటు ఇంకొకదానిలోకి పోయి రెండూ మాడిపోయే ప్రమాదం ఉంది. ట్వీటరును కండెన్సరు లేకుండా నేరుగా ఆంప్లిఫయరుకు కలిపితే మంద్రస్వరానికి దాని తీగ తెగుతుంది. రెండు ఆంప్లిఫయర్లు ఒక సెట్టుకు కలిపినప్పుడు కొన్నిసార్లు ఎర్తుల వల్ల "భం" అనే హమ్మింగు మొదలవుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ప్లగ్గులో ఎర్తు పుల్ల విరగ్గొట్టేవారున్నారు. అది ప్రాణాంతకం. రెండింటినీ ఒకే ప్లగ్గు పలక మీద పెడితే చాలాసార్లు హమ్మింగు తగ్గుతుంది, తగ్గకపోతే మెకానిక్కుకు చూపించాలి.

గొంతు మరుగుపడింది ఎక్కడ?

తీగ మార్చి, పెట్టెలు జరిపాక సినిమా పాటలు ఇంకా విప్పారాయి. అన్నగారి పద్యం మాత్రం కొద్దిగానే మెరుగైంది. మాష్టారు నిరాశగా హార్మోనియం మీద చెయ్యి వేసి కూర్చున్నారు. అప్పుడు మెకానిక్కు ఆంప్లిఫయర్ల వైపు చూడటం మాని క్యాసెట్ డెక్కు తలుపు తీశాడు. హెడ్డు మీద ఏళ్ల తరబడి పేరుకున్న గోధుమరంగు మట్టి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాడు. దూది నల్లబడింది.

తరువాత హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూ మీద పుల్లంత స్క్రూడ్రైవరు ఆనించి, క్యాసెట్టు తిరుగుతుండగానే వెంట్రుకవాసి తిప్పాడు. టేపు మీద రికార్డు చేసిన హెడ్డు ఏ వాలులో ఉందో, వినిపించే హెడ్డూ అదే వాలులో ఉండాలట. ఆ రోజు రికార్డు చేసిన టేపురికార్డరు హెడ్డు ఒక పిసరు ఒరిగి ఉంది. వాలు కుదరకపోతే ముందుగా పోయేది సన్నస్వరాలే, అంటే మాటలోని స్పష్టత. అక్కడ పోయినదాన్ని ఏ ఆంప్లిఫయరూ, ఎన్ని ఆంప్లిఫయర్లూ తిరిగి తేలేవు. స్క్రూ ఇంకొంచెం తిరిగింది. ఉన్నట్టుండి తాళాలు గలగలమన్నాయి. పద్యం మాట మాటగా బయటికొచ్చింది. వెనుక ఎవరో పిల్లవాడు ఏడవడం, గుడి ముందు జనం "వన్స్ మోర్" అనడం కూడా వినబడ్డాయి.

మాష్టారు కదలలేదు. పద్యం చివర రాగం తీస్తున్న చోట ఆయన వేళ్లు హార్మోనియం మెట్ల మీద వాటంతటవే జరిగాయి. తిత్తి ఊదలేదు గనుక చప్పుడు రాలేదు. "ఇక్కడ నేను ఒక మెట్టు తప్పాను. అన్నయ్య కప్పిపుచ్చాడు. ఇన్నేళ్లకు వినపడింది" అన్నారు. మాష్టారి భార్య కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

మెకానిక్కు ఆ రాత్రే క్యాసెట్టు మొత్తం ఫోనులోకి ఎక్కించి, మనవరాలికి, హైదరాబాదులో కొడుక్కి చెరొక నకలు పంపించాడు. టేపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, ఇటువంటి క్యాసెట్లు ఎవరింట్లో ఉన్నా ముందు నకలు తీయించుకోండి అని ఆయన పాఠకులకు చెప్పమన్నాడు. స్క్రూను తిరిగి పాత చోటికి తిప్పి, తన రెండో ఆంప్లిఫయరు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. తీసుకున్నది తీగ ఖరీదు, కూలీ కలిపి 900 రూపాయలు.

సంవత్సరీకం నాడు ఒక్క ఆంప్లిఫయరుతోనే వీధి అరుగుల మీద జనం కూర్చుని పద్యాలు విన్నారు. సన్నాయి పెద్దాయన రెండు చోట్ల కళ్లు మూసుకుని తలూపారు. మర్నాడు మాష్టారి ఇంటి ముందు పెంకుల బండి ఆగింది.